తారు మీద రాత, గాజు పూసల వెలుగు

రోడ్డు పక్కన "ముందు ప్రమాదం ఉంది, జాగ్రత్త" అని చెప్పే బోర్డును కార్లవాళ్ళకంటే ముందే సైకిళ్ళవాళ్ళు పాతారు. 1870ల చివర్లో, 1880ల్లో బ్రిటన్‌లో తిరిగిన సైకిలుకు ముందుచక్రం మనిషి ఛాతీ ఎత్తున ఉండేది, వెనక చక్రం చాలా చిన్నది. మనిషి ఆ పెద్ద చక్రం మీద, దాదాపు గుర్రపు రౌతు ఎత్తులో కూర్చుని తొక్కేవాడు. చదును నేల మీద ఇబ్బంది లేదు. కొండ దిగుడు మొదలైతేనే ప్రాణం మీదికి వచ్చేది. బ్రేకు గట్టిగా పట్టుకుంటే వెనక చక్రం గాలిలోకి లేచి, మనిషి ముందుకు పల్టీకొట్టి తల నేలకు తగిలేలా పడేవాడు. ఊరివాళ్ళకైతే ఏ దిగుడు ఎంత నిటారో, ఏ మలుపు వెనక ఏముందో తెలుసు. ఆదివారం పూట పట్నం నుంచి వచ్చే సైకిలిస్టుకు అవేమీ తెలియవు. అందుకని సైకిల్ సంఘాలే పూనుకుని, ఏ కొండ దగ్గర ప్రమాదం ఉందో ఆ కొండ నెత్తిన ఇనుప పలకలు నిలబెట్టాయి. సైకిలిస్టులకు ఈ దిగుడు అపాయకరం అన్నది ఆ పలకల మీది సారాంశం.

అంతకుముందు వేల ఏళ్ళుగా రోడ్డు పక్కన రాళ్ళు లేకపోలేదు. అవి దూరం చెప్పేవి, దిక్కు చెప్పేవి, రాజుగారి పేరు చెప్పేవి. అపాయం సంగతి మాత్రం చెప్పేవి కావు. నడిచేవాడి వేగానికి, ఎద్దుబండి వేగానికి ఆ అవసరం రాలేదు. గోతిని ఎద్దు తనే చూసుకుంటుంది. ఆనాటి బాటసారికి కావలసినవి నీడ, నీళ్ళు, ఇంకెంత దూరమో చెప్పే గుర్తు.

ఇందుకు సాక్ష్యం తెలుగునేల మీదే ఉంది. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద అశోకుడి పెద్ద శిలాశాసనాలు చెక్కి ఉన్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటివి, బ్రాహ్మీ లిపిలో ఉన్నవి. వాటిలో రెండో శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతి చెప్పి, దారుల వెంట బావులు తవ్వించామనీ చెట్లు నాటించామనీ చెబుతుంది. ఆ నీడా నీళ్ళూ మనుషులకే కాదు, పశువులకు కూడా అని ప్రత్యేకంగా పేర్కొంటుంది. బండి లాగేది పశువే కదా. రహదారి భద్రత గురించి మన దేశంలో మిగిలిన అతిపాత రాతల్లో ఇదొకటి అనుకుంటే తప్పులేదు. గుత్తి మీదుగా ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. అదే రహదారి మీద ఉత్తరానికి వెళ్తే హర్యానాలో పానిపట్, కర్నాల్ ప్రాంతాల్లో ఇటుకా సున్నంతో కట్టిన 30 అడుగుల స్తంభాలు అక్కడక్కడా పొలాల్లో నిలబడి కనిపిస్తాయి. అవి కోస్ మినార్లు. షేర్ షా సూరి కాలం నుంచి మొఘలుల దాకా, ఒక్కో క్రోసుకు ఒకటి చొప్పున కట్టించినవి. బిడారులు దుమ్ములో దారి తప్పకుండా దూరం నుంచే కనబడాలని అంత ఎత్తు పెట్టారు.

మనిషి వేగం పెరిగినకొద్దీ రోడ్డు చెప్పవలసిన మాట మారుతూ వచ్చింది. రహదారి గుర్తుల చరిత్రలో ప్రతి మలుపు వెనకా ఉన్న కారణం ఇదే. సైకిలు వచ్చాక దిగుడు గురించి చెప్పాలి. కారు వచ్చాక, చదివేలోపే దాటిపోయే మనిషికి చెప్పాలి. హెడ్‌లైట్లు వచ్చాక చీకట్లో చెప్పాలి. చివరికి, చెప్పినా వినిపించుకోనంత అలసిపోయినవాడిని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది.

కార్లతో వచ్చిన మొదటి చిక్కు భాష. ఫ్రాన్స్‌లో బయల్దేరిన కారు సాయంత్రానికి మరో దేశంలో ఉంటుంది. అక్కడి పలక మీది అక్షరాలు డ్రైవరుకు తెలియవు. 1909 అక్టోబరులో పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం నాలుగే నాలుగు గుర్తులను ఆమోదించింది. అవి గతుకు, మలుపు, కూడలి, రైల్వే గేటు. నాలుగూ బొమ్మలే, అక్షరం లేదు. ఇవాళ వందల్లో ఉన్న గుర్తుల కుటుంబానికి మూలపురుషులు ఈ నలుగురే. వందేళ్ళు దాటినా ఈ నాలుగు సంగతులూ ఇంకా బోర్డుల మీద ఉన్నాయి.

అమెరికా వేరే దారి పట్టింది. అక్కడ దేశమంతా ఒకే భాష కాబట్టి పలక మీద మాట రాయడానికి అడ్డేమీ లేదు. 1915లో డెట్రాయిట్ నగరంలో తొలి స్టాప్ బోర్డు పెట్టారు. తెల్లటి చదరపు పలక మీద నల్లటి అక్షరాలతో ఉండేది. ఎరుపు లేదు, ఎనిమిది మూలలూ లేవు. అప్పటికి ఏ రాష్ట్రం బోర్డు ఆ రాష్ట్రానిదే. ఒక్కోచోట ఒక్కో ఆకారం, ఒక్కో రంగు.

1922లో మిన్నెసోటా నుంచి రోసెన్‌వాల్డ్, విస్కాన్సిన్ నుంచి డోనగీ, ఇండియానా నుంచి హింకిల్ అనే ముగ్గురు రహదారి అధికారులు కలిసి అనేక రాష్ట్రాలు తిరిగి, ఎక్కడ ఏ గుర్తు పెడుతున్నారో కళ్ళారా చూసి వచ్చారు. ఆ మరుసటి ఏడు మిసిసిపీ లోయ రాష్ట్రాల రహదారి శాఖల సంఘం వాళ్ళ నివేదిక మీద కూర్చుని ఆకారాల లెక్క తేల్చింది. ఈ లెక్క ఎంతో తెలివైనది, చాలామందికి తెలియనిది. పలకకు పక్కలు ఎక్కువయ్యేకొద్దీ ప్రమాదం ఎక్కువ. వృత్తానికి పక్కలు లెక్కలేనన్ని కాబట్టి అన్నిటికంటే ప్రాణాంతకమైన రైల్వే గేటుకు గుండ్రటి పలక. ఆ తర్వాతి స్థానం, తప్పనిసరిగా ఆగవలసిన కూడలిది, దానికి ఎనిమిది పక్కల పలక. మలుపులూ దిగుళ్ళ వంటి హెచ్చరికలకు మూల మీద నిలబెట్టిన చదరం. మామూలు సమాచారానికి దీర్ఘచతురస్రం.

ఎందుకింత ఆకారాల పట్టింపు? అప్పటి బోర్డుల మీద వెలుగు తిరిగి కొట్టే పూత లేదు. రాత్రిపూట అక్షరం కనబడదు. మసక వెలుతురులో ఆకాశం మీద నల్లటి నీడగా పలక అంచు ఒక్కటే కనబడుతుంది. ఆ నీడను చూసి డ్రైవరు గుర్తుపట్టాలి. ఇంకో కారణం రేకు ఖర్చు. గుండ్రటి పలక, అష్టభుజి కోస్తే రేకు ఎక్కువ వృథా అవుతుంది, కోత కూడా ఎక్కువ. కాబట్టి తక్కువ సంఖ్యలో అవసరమయ్యే చోట్లకే వాటిని కేటాయించారు. ప్రమాదం, పొదుపు రెండూ ఒకే లెక్కలో ఒదిగాయి.

రంగు మాత్రం కుదరలేదు. ఆగమని చెప్పడానికి ఎరుపే సరైనదని రైల్వేల కాలం నుంచీ అందరికీ తెలుసు. కానీ ఎండకూ వానకూ వెలిసిపోని ఎర్ర రంగు అప్పట్లో దొరకలేదు. అందుకని 1924 నుంచి అమెరికాలో స్టాప్ బోర్డుకు పసుపు ప్రమాణమైంది. మూడు దశాబ్దాల పాటు పసుపుదే రాజ్యం. రంగు నిలిచే పింగాణీ ఎనామెల్ పూత చేతికొచ్చాక 1954లో తెల్లక్షరాల ఎర్ర బోర్డు వచ్చింది.

ఆ ఎర్ర అష్టభుజి మన దాకా వచ్చిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. 1968లో వియన్నాలో రహదారి గుర్తుల మీద అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. యూరప్ త్రికోణాల సంప్రదాయం ఒకవైపు, అమెరికా పసుపు వజ్రాకారం ఒకవైపు. ఏదో ఒకటే ఉండాలని పట్టుబడితే ఒప్పందమే కుదిరేది కాదు. కాబట్టి హెచ్చరిక బోర్డుకు రెండు ఆకారాలనూ, స్టాప్ బోర్డుకూ రెండు రూపాలనూ ఒప్పుకున్నారు. భారతదేశం 1980లో ఆ ఒప్పందంలో చేరింది. మన హెచ్చరిక బోర్డులు యూరప్ పద్ధతిలో ఎర్ర అంచు త్రికోణాలు, మన స్టాప్ బోర్డు అమెరికా అష్టభుజి. హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్ళి లైసెన్సు పరీక్షకు కూర్చున్న తెలుగువాడికి అక్కడి పసుపు వజ్రాలు కొత్తగా కనిపించినా, స్టాప్ బోర్డు మాత్రం ఇంటి దగ్గర చూసినదే.

ఆకారం తేలింది, రంగు తేలింది. ఇక అక్షరం సంగతి. దీని మీద అన్నిటికంటే లోతైన పని బ్రిటన్‌లో జరిగింది. 1958 డిసెంబరులో ప్రెస్టన్ బైపాస్ పేరుతో ఆ దేశపు మొదటి మోటార్‌వే తెరిచారు. అంతకుముందు ఎన్నడూ లేనంత వేగంతో బండ్లు పోతాయి, పాత చిన్న పలకలు ఏ మూలకూ చాలవు. ప్రభుత్వం జాక్ కినియర్ అనే డిజైనర్‌ను పిలిచింది. ఆయన తన దగ్గర చదువుకున్న మార్గరెట్ కాల్వర్ట్‌ను జత చేసుకున్నాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి బ్రిటన్‌లో పెరిగిన ఆమెకు అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు.

వాళ్ళు చేసిన అక్షరాల్లో పెద్దవి, చిన్నవి కలిసి ఉంటాయి. ఊరి పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో రాస్తే దూరానికి అది ఒక దీర్ఘచతురస్రపు దిమ్మెలా కనిపిస్తుందనీ, చిన్న అక్షరాలైతే ఎత్తుపల్లాలతో ఆ పేరుకో రూపం వస్తుందనీ, డ్రైవరు అక్షరాలు కూడబలుక్కోకుండా ఆ రూపాన్నే పోల్చుకుంటాడనీ వాళ్ళ వాదం. శిలల మీద అక్షరాలు చెక్కడంలో సిద్ధహస్తుడైన డేవిడ్ కిండర్‌స్లీ దీన్ని ఒప్పుకోలేదు. కొసలు తీర్చిన పెద్ద అక్షరాలే తక్కువ స్థలంలో బాగా కనబడతాయని తనే ఓ నమూనా తయారుచేశాడు. వాదన పత్రికలకెక్కింది. చివరికి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బెన్సన్ విమానస్థావరంలో పరీక్ష పెట్టారు. వాలంటీర్లను ఎత్తు బల్లల మీద కూర్చోబెట్టి, పైన బోర్డు బిగించిన కారును వాళ్ళ వైపు నడుపుకుంటూ వచ్చారు. ఎవరికి ఎంత దూరంలో పేరు అందిందో రాసుకున్నారు. ఫలితంలో కిండర్‌స్లీ అక్షరాలే మూడు శాతం వాసి ముందున్నాయి. తేడా అంత స్వల్పం కాబట్టి చూడ్డానికి ఏది బాగుందన్నది కూడా లెక్కలోకి తీసుకుని, కినియర్, కాల్వర్ట్‌ల అక్షరాలనే ఖాయం చేశారు.

1965 జనవరి 1 నుంచి బ్రిటన్ రోడ్లన్నిటి మీదా కొత్త గుర్తులు అమల్లోకి వచ్చాయి. ఆ బొమ్మల్లో ఎక్కువభాగం కాల్వర్ట్ గీసినవి. పశువులు దాటే చోట కనిపించే ఆవు ఊహించి గీసినది కాదు. వార్విక్‌షైర్‌లో ఆమె బంధువుల పొలంలో ఉండే పేషెన్స్ అనే ఆవును చూసి గీసింది. బడి పిల్లల గుర్తు కథ ఇంకా ముచ్చటైనది. పాత బొమ్మలో టోపీ పెట్టుకున్న అబ్బాయి చిన్నమ్మాయిని వెంటబెట్టుకుని నడిచేవాడు. కలిగినవాళ్ళ పిల్లలు చదివే బడి వాసన కొట్టే ఆ బొమ్మను ఆమె తిరగరాసింది. కొత్త బొమ్మలో పెద్దది అమ్మాయి, తన చెయ్యి పట్టుకుని వచ్చేది తమ్ముడు. ఆ అమ్మాయికి చిన్నప్పటి తనే నమూనా అని కాల్వర్ట్ చెప్పింది. గుర్తులో ఒకరి మొహం ఉండదు, కానీ చూడగానే ఎవరో తెలిసిన పిల్ల అనిపించాలి. ఆ బొమ్మలో ఆ గుణం ఉంది.

ఇంత చేసినా అవన్నీ పగటి కథలే. చీకటి పడ్డాక రోడ్డు వేరు. ఆ కథ రోడ్డు మీది గీతతో మొదలవుతుంది.

రోడ్డు నడిమి గీత మొదట ఎక్కడ పడిందన్న ప్రశ్నకు అమెరికాలో ఒకటికంటే ఎక్కువ ఊళ్ళు చెయ్యెత్తుతాయి. 1911లో మిషిగన్ రాష్ట్రం వేన్ కౌంటీలో ఎడ్వర్డ్ హైన్స్ గీయించిన గీత వాటిలో ముందుది. పాలబండి కారుతూ పోతే రోడ్డు మీద పడిన తెల్లటి చార చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని కథ. కాలిఫోర్నియా కథలో నాయిక ఓ డాక్టరు. ఇండియో అనే ఎడారి ఊళ్ళో వైద్యం చేసే జూన్ మెక్‌కారల్ 1917లో ఓ సాయంత్రం తన ఫోర్డు కారులో ఇంటికొస్తుంటే, ఎదురుగా వచ్చిన లారీ నడిరోడ్డు వదలలేదు. ఆమె కారును ఇసుకలోకి దింపి ప్రాణం దక్కించుకుంది. నడిమి గీత ఒకటుంటే ఎవరి సగం వాళ్ళకు తెలుస్తుందని అధికారుల చుట్టూ తిరిగింది. వినేవాళ్ళు లేకపోయేసరికి రంగు డబ్బా పట్టుకుని తనే రోడ్డు మీద నాలుగంగుళాల వెడల్పు తెల్లగీత గీసింది. మహిళా సంఘాలను కూడగట్టి ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాయించింది. 1924లో రాష్ట్రం ఒప్పుకుంది. ఇండియో పక్కనుంచి పోయే పెద్ద రహదారిలో కొంత భాగానికి ఇప్పుడు ఆమె పేరే.

గీతలు వచ్చాయి కానీ రాత్రి, అందులోనూ మంచు పడిన రాత్రి, గీత ఏం కనబడుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవాడు చదువు పదమూడో ఏటే ఆపేసిన ఓ రోడ్డు పనివాడు. పెర్సీ షా 1890లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. హాలిఫాక్స్ దగ్గరి బూత్‌టౌన్‌లో ఉంటూ, ఇళ్ళ ముందు దారులు వేసే చిన్న వ్యాపారం చేసుకునేవాడు. అది కొండప్రాంతం. ఒకపక్క లోయ, పైగా తరచూ మంచు. ట్రాము పట్టాలు ఉన్న రోజుల్లో హెడ్‌లైట్ వెలుగుకు ఆ పట్టాలు మెరిసి దారి చూపేవి. పట్టాలు తీసేశాక ఆ ఆధారం పోయింది. ఓ రాత్రి మలుపు దగ్గర గోడ మీద కూర్చున్న పిల్లి కళ్ళు తన బండి వెలుగుకు మెరిస్తే, రోడ్డు ఎటు తిరుగుతుందో తెలిసి ప్రాణం దక్కిందని ఆయన గురించి చెప్పే కథ. కథలో నిజమెంతైనా, 1934లో ఆయన తీసుకున్న పేటెంటు మాత్రం నికార్సయిన నిజం. మరుసటి ఏడాది కంపెనీ పెట్టాడు.

పెర్సీ షా చేసిన పిల్లికన్నును దగ్గర్నుంచి చూస్తే తప్ప దాని గొప్పతనం తెలియదు. పోత ఇనుప పెట్టె ఒకటి రోడ్డులో పాతి ఉంటుంది. దానిలో తెల్లటి రబ్బరు దిమ్మ. ఆ దిమ్మలో ఇటు రెండు, అటు రెండు గాజు కళ్ళు. వెనక అద్దపు పూత ఉండడంతో ఎటునుంచి వెలుగు వస్తే అటే తిరిగి కొడుతుంది. అద్దమైతే వెలుగును ఎటో విసిరేస్తుంది, ఈ గాజు మాత్రం వచ్చిన దిక్కుకే పంపుతుంది కాబట్టి ఆ వెలుగు తిన్నగా డ్రైవరు కంటికే చేరుతుంది. మరి రోడ్డు మీద దుమ్మూ బురదా పడితే? లారీ చక్రం ఎక్కినప్పుడు రబ్బరు దిమ్మ కిందికి కుంగుతుంది. కుంగేటప్పుడు గాజు కళ్ళు ముందున్న రబ్బరు అంచుకు రాసుకుని తుడుచుకుపోతాయి. ఇనుప పెట్టె అడుగున వాననీరు నిలిచి ఆ తుడవడానికి సాయపడుతుంది. అంటే బండి తొక్కినకొద్దీ కన్ను శుభ్రమవుతుంది. కరెంటు అక్కర్లేదు, తుడిచే మనిషీ అక్కర్లేదు.

మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి, బాంబుల భయానికి బ్రిటన్ వీధిదీపాలన్నీ ఆర్పేసి, బండ్ల హెడ్‌లైట్లకు సైతం ముసుగులు తొడిగేసరికి పెర్సీ షా గాజు కళ్ళకు గిరాకీ పెరిగింది. ఆయనకు డబ్బు బాగానే వచ్చింది. కానీ చివరిదాకా చిన్నప్పటి ఇంట్లోనే, తివాచీలూ తెరలూ లేకుండా గడిపాడు. 1965లో ప్రభుత్వ గౌరవం దక్కింది, 1976లో చనిపోయాడు.

మన రోడ్ల మీద రాత్రి మెరిసే ప్లాస్టిక్ స్టడ్లు పెర్సీ షా యంత్రానికి దూరపు చుట్టాలు. వాటిలో తనను తాను తుడుచుకునే రబ్బరు లేదు, అందుకే కొన్నాళ్ళకు మట్టి పట్టి గుడ్డివవుతాయి. తెల్లగీతల సంగతి వేరు. రోడ్డు పనివాళ్ళు గీత వేసేటప్పుడు ఒకసారి ఆగి చూడాలి. పొడిలాంటి పదార్థాన్ని పొయ్యి ఉన్న తొట్టెలో కరిగించి, చేత్తో నెట్టే బండిలో పోసి, సలసలా కాగుతున్నదాన్ని తారు మీద పట్టీగా పరుస్తారు. అది ఆరకముందే, వేడి మీదుండగానే, దాని మీద సన్న రవ్వంత గాజు పూసలు చల్లుతారు. రాత్రి గీత మెరవడానికి కారణం రంగు కాదు, ఈ పూసలు. కొన్నిటిని ముందే ఆ ముద్దలో కలిపి ఉంచుతారు. పైపూసలు టైర్లకు అరిగిపోయేసరికి లోపలివి బయటపడతాయి.

ఇదే పూసల విద్య బోర్డుల మీదికి అమెరికాలో ఎక్కింది. మిన్నెసోటాకు చెందిన 3ఎం కంపెనీలో హ్యారీ హెల్ట్‌జర్ అనే యువ ఇంజనీరు గాజు పూసలు అతికించిన పట్టీని మొదట రోడ్డు గీతల కోసమే తయారుచేశాడు. రోడ్డు మీద అది నిలవలేదు, ఊడిపోయింది. దాన్నే బోర్డుకు అతికిస్తే చక్కగా పనిచేసింది. 1939లో మినియాపొలిస్‌లో ఆ మెరిసే పలక మొదటిసారి నిలబడింది. హెల్ట్‌జర్ తర్వాత ఆ కంపెనీకే అధిపతి అయ్యాడు. 1920ల మొదట్లో రోసెన్‌వాల్డ్ బృందం పలక అంచు మీద ఆధారపడవలసి వచ్చిన అవసరం అప్పటికి సగం తీరిపోయింది. కానీ ఆకారాలను ఎవరూ మార్చలేదు. మంచు కప్పేసిన అష్టభుజి కూడా స్టాప్ బోర్డే కదా.

వాన పడితే మాత్రం పూసల గీత కూడా నీటి పొర కింద మునిగి మాయమవుతుంది. కాలిఫోర్నియా రహదారి శాఖలో రసాయన శాస్త్రవేత్త ఎల్బర్ట్ బాట్స్ దీనికోసం గీత మీద గుండ్రటి బొడిపెలు పెట్టే పద్ధతి కనిపెట్టాడు. తొలిరోజుల్లో మేకులతో బిగిస్తే బొడిపె ఊడి మేకు పైకి లేచి టైర్లు పంక్చర్లయ్యాయి. ఎపాక్సీ జిగురు దొరికాక కుదురుకుంది. 1966 నుంచి ఆ రాష్ట్రంలో వాటిని తప్పనిసరి చేశారు, 2017లో కొత్తవి పెట్టడం మానేస్తామన్నారు. బాట్స్ 1962లోనే చనిపోయాడు, తన పేరుతో పిలిచే బొడిపెలు రాష్ట్రమంతా పరుచుకోవడం చూడలేదు. చక్రం ఎక్కగానే అవి చేసే దడదడ చప్పుడు అదనపు లాభం. ఈ చప్పుడునే అసలు పనిగా పెట్టుకున్నవి న్యూజెర్సీలో గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద 1952లో వేసిన గరుకు అంచులు. పాడే అంచులని వాటికి పేరు. నిద్రలోకి జారినవాడికి బోర్డు కనబడదు, చప్పుడు మాత్రం వినబడుతుంది.

ఈ దశలో రహదారి ఆలోచనే మారింది. అప్పటిదాకా రోడ్డు చెప్పేది, డ్రైవరు వినేవాడు. వినకపోతే తప్పు అతనిది. ఆ తప్పుకు శిక్ష మరణం కాకూడదన్న ఆలోచన ఇంజనీర్లకు పట్టుబడడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసంలోని మనుషులందరిలో గౌరవం ఎక్కువ దక్కవలసినవాళ్ళు ఆ మలుపు తిప్పినవాళ్ళే.

జాన్ ఫిచ్ వాళ్ళలో ఒకడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా యుద్ధవిమానాల పైలట్, తర్వాత కార్ల పందేల డ్రైవరు. 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని ల మాన్ పందెంలో మెర్సిడెస్ జట్టులో ఆయనా, పియర్ లెవెగ్ అనే ఫ్రెంచి డ్రైవరూ ఒకే కారును వంతులవారీగా నడపాలి. మొదటి వంతు లెవెగ్‌ది. ఆ కారు మరో కారును గుద్దుకుని గట్టు మీదికి ఎగిరి ముక్కలై జనంలో పడింది. లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. ఫిచ్ తన వంతు కోసం పక్కనే ఎదురుచూస్తున్నాడు. ఆ తర్వాత ఆయన జీవితంలో ఎక్కువభాగం గుద్దుకున్నా బతికే ఏర్పాట్ల మీదే గడిచింది. యుద్ధంలో శత్రు విమానాల తూటాలను ఆపడానికి గుడారాల చుట్టూ ఇసుక నింపిన డబ్బాలు పేర్చుకున్న జ్ఞాపకం అక్కరకొచ్చింది. వంతెన మొనల ముందు, రోడ్డు రెండుగా చీలే చోట కనబడే పసుపు ప్లాస్టిక్ పీపాల వరుస ఆయన కనిపెట్టినదే. ముందు పీపాల్లో ఇసుక తక్కువ, వెనక్కి పోయేకొద్దీ ఎక్కువ. బండి మొదటిదాన్ని పగలగొట్టుకుని కాస్త వేగం పోగొట్టుకుంటుంది, తర్వాతదానితో ఇంకాస్త. కాంక్రీటు దిమ్మెను చేరేసరికి వేగం మిగలదు. పరీక్షలప్పుడు ఆ పీపాల్లోకి కారు తోలింది ఫిచ్చే.

హైవే డివైడర్లలో కింద వెడల్పై, పైకి పోయేకొద్దీ సన్నబడే కాంక్రీటు గోడ ఇంకొకటి. న్యూజెర్సీలో 1950ల్లో పుట్టింది కాబట్టి దానికి ఆ రాష్ట్రం పేరే ఉండిపోయింది. మొదట్లో 18 అంగుళాల ఎత్తు, అనుభవం మీద పెంచుకుంటూ 1959కి 32 అంగుళాలు చేశారు. ఆ వాలు అందం కోసం పెట్టింది కాదు. దారి తప్పిన కారు చక్రం ఆ వాలు మీదికి కొద్దిగా ఎక్కి, రేకు గోడకు తగలకుండానే మళ్ళీ తన వరుసలోకి జారుతుంది. ఎదురు బండి మీదికి పోదు.

మన దేశంలో రోడ్లకు కొలతలూ ప్రమాణాలూ రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1934లో ఏర్పడింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రహదారులన్న వర్గీకరణ 1943 నాటి నాగపూర్ ప్రణాళికది. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి నెత్తిన వేసే రంగు ఆ వర్గీకరణనే చెబుతుంది. పసుపైతే జాతీయ రహదారి, పచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద పడిన ఊరి రోడ్డు. ప్రతి ఐదో కిలోమీటరు రాయి మిగతావాటికంటే పెద్దది, ఊళ్ళ పేర్లు ఎక్కువ పట్టేలా. రెండు కిలోమీటరు రాళ్ళ మధ్య 2, 4, 6, 8 అని అంకెలు వేసిన చిన్న రాళ్ళు నాలుగు ఉంటాయి. అవి 200 మీటర్లకొకటి. ప్రమాదం జరిగి అంబులెన్సుకు ఫోను చేసేవాడికి ఈ చిన్న రాళ్ళ అంకె చాలా విలువైనది. పక్కన ఊరు లేకపోయినా ఏ కిలోమీటరులో ఎన్నో రాయి దగ్గర ఉన్నాడో చెప్పగలడు.

రహదారి నంబరులో కూడా చాలామంది గమనించని లెక్క ఉంది. తెలుగువాళ్ళ నోట ఇప్పటికీ 5, 7, 9 అనే పాత నంబర్లు నానుతుంటాయి. 2010లో దేశమంతటా నంబర్లు మార్చారు. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి. అందుకే విశాఖ, విజయవాడల మీదుగా పోయే కోస్తా రహదారి 16, దేశం నడుమనుంచి హైదరాబాద్, కర్నూలు మీదుగా పోయేది 44, పడమటి తీరంలోది 66. తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. 1 కశ్మీర్, లడఖ్‌లలో ఉంటే, పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరేది 65. మూడంకెల నంబరైతే చివరి రెండంకెలు అది ఏ రహదారి కొమ్మో చెబుతాయి. కత్తిపూడి నుంచి కాకినాడ, మచిలీపట్నం మీదుగా ఒంగోలు పోయే 216 పదహారుకు కొమ్మ. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే 765 అరవై ఐదుకు కొమ్మ. ఇది తెలిసినవాడు బోర్డు మీద నంబరు ఒక్కటే చూసి, తను దేశంలో ఏ దిక్కున ఉన్నాడో, బండి ఎటు పోతుందో పోల్చుకోగలడు.

ఇన్ని దేశాల్లో ఇంతమంది శ్రమించి తెచ్చిన గుర్తుల మీద మన ఊళ్ళలో పుట్టినరోజు ఫ్లెక్సీలు కడతారు, కోచింగ్ సెంటర్ల కాగితాలు అంటిస్తారు. మలుపు బోర్డు ముందు చెట్టుకొమ్మ పెరిగితే నరికేవాళ్ళుండరు. ఇది చిన్న తప్పు కాదు. ఆ మలుపు తెలియని డ్రైవరు ఆ రాత్రే వస్తాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 116వ సెక్షను దీన్ని గట్టిగానే పట్టించుకుంది. రహదారి గుర్తును కావాలని తీసేయడం, మార్చడం, పాడుచేయడం నిషేధం. గుర్తును కప్పేసే ప్రకటనను, గుర్తులా భ్రమింపజేసే ప్రకటనను తొలగించే అధికారం ప్రభుత్వానికి ఉంది. అదే సెక్షనులో ఇంకో నిబంధన ఉంది, డ్రైవింగ్ స్కూళ్ళలో సైతం దీన్ని గట్టిగా చెప్పాలి. పొరపాటున బండి తగిలి బోర్డు పనికిరాకుండా పోతే, తగిలించినవాడు ఆ సంగతి వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల లోపు, పోలీసు అధికారికి గానీ పోలీసు స్టేషన్‌లో గానీ తెలియజేయాలి.